చలిలో డ్రోన్: ధర్మామీటర్ చెప్పని సంగతులు

తెర మీద బ్యాటరీ 40 శాతం చూపిస్తోంది. గాలి పెద్దగా లేదు, ఆకాశం శుభ్రంగా ఉంది. ఇంకాస్త ఎత్తు నుంచి షాట్ తీద్దామని రిమోట్ మీది స్టిక్కును ఒక్కసారి పైకి నెట్టగానే ఎర్ర హెచ్చరిక వస్తుంది. ఆ వెంటనే డ్రోన్ మన మాట వినడం మానేసి తనంతట తానే కిందికి దిగడం మొదలుపెడుతుంది. చలి ప్రాంతాల్లో కెమెరా డ్రోన్లు ఎగరేసేవాళ్ల నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఇది. 40 శాతం బ్యాటరీ క్షణంలో ఎలా ఖాళీ అయిందన్నది వాళ్ల ప్రశ్న. నిజానికి అది ఖాళీ కాలేదు. అదే బ్యాటరీని వెచ్చటి గదిలో కాసేపు ఉంచి మళ్లీ పెట్టి చూస్తే అందులో చాలా భాగం అలాగే ఉంటుంది.

చలిలో డ్రోన్ ఎగరేయవచ్చా అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక అంకె. సున్నా దాకా పర్లేదు, మైనస్ 10 దాటితే వద్దు అంటారు. ఆ అంకె పనికిరానిదేమీ కాదు. కానీ చలికాలంలో డ్రోన్లు కూలడానికి కారణం చాలాసార్లు బయటి ఉష్ణోగ్రత కాదు. బ్యాటరీ లోపలి ఉష్ణోగ్రత ఒకటి, గాలిలోని తేమ రెండోది. ఈ రెండూ అదుపులో ఉంటే మైనస్ 12లో ఎగరేసినా టెన్షన్ ఉండదు. ఇవి చెయ్యి దాటితే మైనస్ 1లోనే డ్రోన్ పోతుంది.

బ్యాటరీలో అసలు జరిగేది

డ్రోన్లలో వాడేవి లిథియం బ్యాటరీలు. కరెంటు ఇచ్చేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌లోంచి బయటికొచ్చి, ఎలక్ట్రోలైట్ అనే ద్రవం గుండా ప్రయాణించి, అవతలి ఎలక్ట్రోడ్‌లో చేరాలి. చలికి ఆ ద్రవం చిక్కబడుతుంది. ఎలక్ట్రోడ్ల ఉపరితలం మీద జరగాల్సిన రసాయన చర్యా మందగిస్తుంది. సీసా నిండా నూనె ఉన్నా చలికి పేరుకుపోతే ధార రాదు కదా, ఇదీ అంతే. లోపల సరుకు ఉంది, అడిగినంత వేగంగా బయటికి రావడం లేదు. దీన్నే అంతర్గత నిరోధం పెరగడం అంటారు.

ఒక ఊహా లెక్క వేసి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. బ్యాటరీ అంటే కొన్ని సెల్స్ కలిసినది, వాటిలో సగం కంటే కాస్త తక్కువ ఛార్జి ఉన్న ఒక సెల్ ఊరికే ఉన్నప్పుడు 3.75 వోల్టులు చూపిస్తుందనుకుందాం. వెచ్చగా ఉన్నప్పుడు దాని నిరోధం 10 మిల్లీఓములు. డ్రోన్‌ను గాల్లో కదలకుండా నిలబెట్టడానికి 7 ఆంపియర్లు కావాలి, ఒక్కసారిగా పైకి లేపితే 25 ఆంపియర్లు కావాలి. వెచ్చటి సెల్‌లో నిలబెట్టినప్పుడు తగ్గే వోల్టేజి 0.07, పైకి లేపినప్పుడు 0.25. అంటే ఎంత తొందరపెట్టినా సెల్ 3.5 వోల్టుల దగ్గర నిలబడుతుంది. ఇప్పుడు చలికి నిరోధం మూడు రెట్లయి 30 మిల్లీఓములకు చేరిందనుకుందాం. నిలబెట్టినప్పుడు వోల్టేజి 3.54కు వస్తుంది, ఇబ్బందేమీ కనబడదు. స్టిక్కు పైకి నెట్టగానే 0.75 వోల్టు ఒక్క దెబ్బకు పడిపోయి సెల్ 3 వోల్టులకు దిగుతుంది. చాలా డ్రోన్లు ఆ చుట్టుపక్కలే ప్రమాద ఘంటిక మోగించి, బలవంతంగా ల్యాండింగ్‌కు దిగుతాయి.

మొదట్లో చెప్పిన 40 శాతం చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది. తెర మీది శాతం ప్రధానంగా బ్యాటరీలోంచి ఇప్పటిదాకా ఎంత కరెంటు బయటికి వెళ్లిందో లెక్కగట్టి చెప్పే అంకె. మిగిలినదాన్ని బ్యాటరీ ఎంత వేగంగా ఇవ్వగలదో అది చెప్పదు. అందుకే చలిలో చూడాల్సింది శాతం కాదు, మోటార్లు గట్టిగా లాగుతున్నప్పుడు ఒక్కో సెల్ వోల్టేజి ఎంతకు పడుతోందన్నది. చాలా యాప్‌లలో బ్యాటరీ మెనూలోకి వెళ్తే సెల్ వోల్టేజీలు, బ్యాటరీ ఉష్ణోగ్రత విడివిడిగా కనిపిస్తాయి. ఎండాకాలంలో ఆ పేజీ తెరవకపోయినా నడిచిపోతుంది. చలికాలంలో అది ముందు చూడాల్సిన పేజీ.

తయారీదారులు చెప్పే హద్దులు కూడా ఇందులోంచి వచ్చినవే. డ్రోన్ల కంపెనీ డీజేఐ తన మినీ 2 మోడల్‌కు ఇచ్చిన పరిధి సున్నా నుంచి 40 డిగ్రీలు. మావిక్ 3కి మైనస్ 10 నుంచి 40. తనను తాను వేడి చేసుకునే బ్యాటరీలున్న మాట్రిస్ 300 ఆర్‌టీకేకి మైనస్ 20 నుంచి 50. మూడింటిలోనూ ఉన్నది లిథియమే. బ్యాటరీని వెచ్చగా ఉంచే ఏర్పాటు తోడైతే హద్దు ఎంత కిందికి జరుగుతుందో మూడో అంకె చూపిస్తుంది. చిన్న డ్రోన్లకు ఇంకో చిక్కుంది. బ్యాటరీ ఎంత చిన్నదైతే దాని బరువుతో పోలిస్తే ఉపరితలం అంత ఎక్కువ, కాబట్టి అంత త్వరగా చల్లబడుతుంది. 250 గ్రాముల లోపు డ్రోన్‌ను మంచులో పెట్టి, ఫోన్ తగిలించి, సెట్టింగులు సరిచూసుకునేలోపే దాని బ్యాటరీ వెచ్చదనం కొంత పోతుంది.

వాతావరణ యాప్‌లో ‘ఫీల్స్ లైక్’ అని చూపే అంకెను మాత్రం పట్టించుకోనక్కర్లేదు. గాలి వీస్తున్నప్పుడు మనిషి ఒంటికి ఎంత చలిగా అనిపిస్తుందో చెప్పే లెక్క అది. బయట మైనస్ 5 ఉంటే, ఎంత గాలి వీచినా బ్యాటరీ మైనస్ 5 కంటే కిందికి చల్లబడదు. కాకపోతే ఆ మైనస్ 5కి త్వరగా చేరుతుంది.

అంగారకుడి మీది డ్రోన్ నేర్పింది

చలిలో ఎగిరిన యంత్రాల సంగతి వస్తే నాసా ఇంజెన్యుటీని వదిలి మాట్లాడలేం. 2021 ఏప్రిల్ 19న అంగారకుడి మీద తొలిసారి ఎగిరిన ఈ చిన్న హెలికాప్టర్‌లో ఉన్నవి 6 లిథియం అయాన్ సెల్స్. అక్కడి రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 90 దాకా పడిపోతుంది. సోలార్ పలక నుంచి వచ్చిన కరెంటులో పెద్ద వాటా ఎగరడానికి కాదు, రాత్రంతా బ్యాటరీని, ఎలక్ట్రానిక్స్‌ను వేడిగా ఉంచడానికే పోయేది. 2022 మే నెలలో, చలికాలం దగ్గరపడి, గాల్లో దుమ్ము పెరిగి, సూర్యకాంతి తగ్గినప్పుడు ఒక రాత్రి ఛార్జి చాలక దాని గడియారం ఆగిపోయింది, నేల మీద తిరిగే పెర్సెవరెన్స్ రోవర్‌తో సంబంధం తెగింది. మళ్లీ మాట కలిసిన తర్వాత ఇంజినీర్లు తీసుకున్న నిర్ణయం సాహసమే. మైనస్ 15 దగ్గర వెలగాల్సిన హీటరును మైనస్ 40 దాకా వెలగకుండా మార్చారు, రాత్రి ఖర్చు తగ్గించడానికి. 5 సార్లు ఎగిరితే చాలనుకున్న ఆ యంత్రం చివరికి 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది.

అక్కడ కూడా గండం గాల్లో ఉండగా రాలేదు, రాత్రంతా ఊరికే కూర్చున్నప్పుడు వచ్చింది. భూమ్మీది డ్రోన్‌కూ చలి దెబ్బ తగిలేది చాలావరకు టేకాఫ్‌కు ముందే. ఒకసారి ఎగరడం మొదలుపెట్టాక బ్యాటరీలోంచి పారే కరెంటు, దాని సొంత నిరోధం కలిసి లోపల వేడి పుట్టిస్తాయి. వెచ్చగా బయల్దేరిన బ్యాటరీ మైనస్ 10లోనూ తన వేడి తాను నిలుపుకుంటుంది. చల్లగా బయల్దేరినది ఆ వేడి పుట్టేలోపే చేతులెత్తేస్తుంది.

కాబట్టి పని ముందు రోజే మొదలవుతుంది. బ్యాటరీలను రాత్రంతా కారులో వదిలేయకూడదు. నిండా ఛార్జి చేసి, ఇంట్లో వెచ్చగా ఉంచి, బయల్దేరేటప్పుడు కోటు లోపలి జేబుల్లో వేసుకోవాలి. బ్యాటరీ టేకాఫ్ సమయానికి 20 డిగ్రీలకు పైన ఉంటే మేలు. జేబులో పెట్టుకునే హ్యాండ్ వార్మర్లు వాడొచ్చు గానీ, వాటిని బ్యాటరీకి నేరుగా అంటించకుండా మధ్యలో గుడ్డ ఉండాలి. ఒకే చోట వేడి పోగుపడటం కూడా లిథియానికి మంచిది కాదు. హెయిర్ డ్రయ్యర్‌తో, కారు హీటర్ ఎదుట పెట్టి హడావిడిగా వేడి చేయడం అంతకంటే చెడ్డది, ఎందుకంటే పై తొడుగు కాలిపోతున్నా లోపలి సెల్ చల్లగానే ఉండొచ్చు.

డ్రోన్ ఒంటిని మాత్రం వెచ్చబెట్టకపోవడమే మంచిది. మంచు రేణువులు వెచ్చటి ప్లాస్టిక్ మీద పడితే కరుగుతాయి, ఎగిరాక ఆ నీరే సందుల్లో గడ్డకడుతుంది. బయటి చలికి అలవాటుపడిన ఒంటి మీద పడ్డ పొడి మంచు ఊదితే రాలిపోతుంది. బ్యాటరీ జేబులో, డ్రోన్ సంచిలో, రెండూ ఎగరేసే ముందు మాత్రమే కలవాలి.

టేకాఫ్ అయ్యాక తల ఎత్తు కంటే కాస్త పైన ఒక నిమిషం నిలబెట్టాలి. చాలా మాన్యువళ్లలో రాసి ఉన్న మాటే, కానీ మంచి వెలుతురు దొరికిన తొందరలో పాటించేవాళ్లు తక్కువ. ఆ నిమిషంలో బ్యాటరీ వేడెక్కుతుంది, సెల్ వోల్టేజీలు స్థిరపడతాయి, డ్రోన్ గాలికి ఎటైనా జారుతోందా అన్నదీ కనబడుతుంది. తర్వాత స్టిక్కును కొద్దికొద్దిగా కదిలించి, లోడు పడ్డప్పుడు వోల్టేజి ఎంత పడుతోందో చూడాలి. 3.5 కిందికి వెంటనే జారితే ఆ బ్యాటరీతో ఆ పూట దూరం వెళ్లకూడదు. డ్రోన్‌ను బాగా వేగంగా నడిపే స్పోర్ట్ మోడ్‌ను మొదటి కొన్ని నిమిషాలు ముట్టుకోకపోవడం, 30 శాతం దగ్గరికి రాగానే దింపేయడం చాలినంత జాగ్రత్త. ఎండాకాలంలో 15 శాతం దాకా సాగదీసే అలవాటున్నవాళ్లకు ఇది మరీ పిరికితనంగా అనిపించొచ్చు. పైన వేసిన లెక్క ఇంకోసారి చూస్తే అనిపించదు.

పాత బ్యాటరీల సంగతి విడిగా చెప్పుకోవాలి. వయసుతో బ్యాటరీ నిరోధం ఎలాగూ పెరుగుతుంది, చలి దానికి తోడవుతుంది. 200 సార్లు ఛార్జి చేసిన బ్యాటరీ ఎండాకాలమంతా బాగానే పనిచేసి, మొదటి చలి రోజునే మొండికేస్తే అందులో వింత లేదు. పైగా బ్యాటరీలో సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి. మూడింట్లో ఒకటి బలహీనమైతే మొత్తం వోల్టేజి బాగానే కనిపిస్తూ, ఆ ఒక్క సెల్ మాత్రం అడుగుకు పడిపోతుంది. లోడు మీద ఒక సెల్‌కీ ఇంకోదానికీ 0.1 వోల్టు కంటే తేడా కనబడితే ఆ బ్యాటరీని చలికాలపు పనికి పక్కన పెట్టాలి. కాస్త ఉబ్బినట్టున్నది ఏ కాలంలోనూ వాడకూడదు.

గాలి చిక్కబడితే లాభమా?

చలి డ్రోన్‌కు చేసే ఒకే ఒక్క మేలు ఇది. ఒకే పీడనం దగ్గర 30 డిగ్రీల గాలి కంటే మైనస్ 10 గాలి దాదాపు 15 శాతం సాంద్రంగా ఉంటుంది. ప్రొపెల్లర్ రెక్కలకు పట్టు ఎక్కువ దొరుకుతుంది, అంతే బరువును మోటార్లు తక్కువ వేగంతో మోస్తాయి. అయితే ఎదురుగాలి కూడా అంతే బరువుగా తోస్తుంది.

చలి ఉన్నచోట ఎత్తు కూడా ఉంటే ఈ లాభం ఎగిరిపోతుంది. సముద్ర మట్టంతో పోలిస్తే 4,000 మీటర్ల దగ్గర గాలి సాంద్రత మూడింట రెండొంతులే. అక్కడ గాల్లో నిలబడటానికే మోటార్లకు సుమారు 20 శాతం ఎక్కువ శక్తి కావాలి. చలికి కట్టేసినట్టున్న బ్యాటరీని ఎక్కువ కరెంటు అడిగే పరిస్థితి ఇది. 2024 ఏప్రిల్‌లో ఎవరెస్టు మీద డీజేఐ ఫ్లైకార్ట్ 30 అనే సరుకు డ్రోన్‌ను పరీక్షించారు. సముద్ర మట్టం దగ్గర రెండు బ్యాటరీలతో 30 కిలోలు మోయగల ఆ డ్రోన్‌కు బేస్ క్యాంప్ నుంచి మొదటి క్యాంపుకు మోయించింది 15 కిలోలు. పెద్ద డ్రోన్ బరువు దించుకుని సర్దుకుంది. కెమెరా డ్రోన్‌లో దించుకోవడానికి బరువు ఉండదు, తగ్గించుకోగలిగింది దూరాన్ని, ఎక్కే వేగాన్ని మాత్రమే.

ఎదురుగాలి సంగతి బయల్దేరే ముందే లెక్క వేసుకోవాల్సినది. సెకనుకు 15 మీటర్ల వేగం అందుకునే డ్రోన్ ఒక కిలోమీటరు దూరం నుంచి గాలి లేనప్పుడు 67 సెకన్లలో తిరిగొస్తుంది. సెకనుకు 10 మీటర్ల ఎదురుగాలి ఉంటే అదే దూరానికి 200 సెకన్లు పడుతుంది. అందుకే ముందు గాలికి ఎదురు వెళ్లి, వచ్చేటప్పుడు గాలివాటున రావడం మంచిది. నేల మీద ఆకు కదలకపోయినా 100 మీటర్ల ఎత్తులో గాలి జోరుగా ఉండటం మామూలే.

సున్నా దగ్గరే అసలు గండం

అందరికీ తక్కువ తెలిసినదీ, డ్రోన్లను ముంచేదీ రెక్కల మీద పేరుకునే ఐసు. నీరు సున్నా డిగ్రీల దగ్గర తప్పనిసరిగా గడ్డకడుతుందని అనుకుంటాం. మేఘంలో, పొగమంచులో ఉండే సన్నటి తుంపరలు అలా కావు. గడ్డకట్టడానికి ఆధారం దొరక్క మైనస్ 10లో, అంతకంటే కింద కూడా ద్రవంగానే తిరుగుతుంటాయి. వాటికి కావాల్సింది తగలడానికి ఒక ఉపరితలం. నిమిషానికి వేల సార్లు తిరిగే ప్రొపెల్లర్ అంచు అంతకంటే మంచి ఉపరితలం.

తుంపర తగిలిన చోటే గడ్డకట్టి, రెక్క ముందు అంచున గరుకైన పొర ఏర్పడుతుంది. ప్రొపెల్లర్ ఎత్తగలగడం దాని అంచు ఆకారం మీద ఆధారపడుతుంది, ఆ ఆకారం చెడగానే పైకి ఎత్తే బలం తగ్గి, గాలి వెనక్కి లాగడం పెరుగుతుంది. ఎత్తు నిలబెట్టడానికి డ్రోన్ మోటార్లను ఇంకా వేగంగా తిప్పుతుంది, బ్యాటరీ నుంచి ఇంకా కరెంటు లాగుతుంది. ఒక రెక్క మీది ముక్క ఊడిపడి ఇంకో రెక్క మీద అలాగే ఉంటే సమతూకం తప్పి డ్రోన్ వణకడం మొదలవుతుంది. ఇదంతా కొద్ది నిమిషాల్లోనే జరిగిపోగలదు. రెక్క పై భాగంలో పీడనం పడిపోవడం వల్ల గాలి ఇంకాస్త చల్లబడుతుంది కాబట్టి, బయట సున్నాకు కొంచెం పైన ఉన్నా ఐసు పట్టే వీలుంది.

ఐసు ముప్పు ఎక్కువగా ఉండేది సున్నాకూ మైనస్ 15కూ మధ్య, అదీ తేమ ఉన్నప్పుడు. ఇంకా చలి పెరిగితే గాలిలో ద్రవరూపంలో మిగిలే నీరు తగ్గిపోతుంది. ఆకాశం తేటగా ఉన్న మైనస్ 15 రోజు కంటే, ముసురు పట్టిన మైనస్ 1 రోజు ఎందుకు ప్రమాదమో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. స్పెసిఫికేషన్లలో ‘మైనస్ 10 దాకా’ అని రాసి ఉంటుంది గానీ, ఆ హద్దు ఐసుకు హామీ కాదు. మామూలు కెమెరా డ్రోన్లలో చాలావాటికి నీటి నుంచి రక్షణ రేటింగే ఉండదు.

చిక్కేమిటంటే అందరూ ఆశపడే షాట్ కూడా అక్కడే ఉంటుంది. లోయ నిండా పరుచుకున్న పొగమంచును చీల్చుకుంటూ డ్రోన్ ఎండలోకి తేలడం చూడటానికి అద్భుతంగా ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నాకు కింద ఉంటే అది రెక్కలకు ఐసు పూత పూసే దారి. ఆ షాట్ కావాలంటే పొగమంచుకు పైన ఉన్న కొండ మీద నిలబడి, పక్క నుంచి తీసుకోవాలి. పొరలోంచి వెళ్లకూడదు.

ఐసు పడుతోందని ముందుగా తెలిసేది చెవికి. మోటార్ల మోత గరుకుగా, ఎక్కువ శ్రుతిలోకి మారుతుంది. తర్వాత వీడియోలో సన్నటి వణుకు, కదలకుండా నిలబడినప్పుడు కూడా బ్యాటరీ శాతం గబగబా పడటం, మోటారు వేగం గరిష్ఠానికి చేరిందన్న హెచ్చరిక. వీటిలో ఏ రెండు కలిసి కనబడినా షాట్ వదిలేసి, ఉన్నచోట నుంచే కిందికి దించుకుంటూ రావాలి. కంగారులో రిటర్న్ టు హోమ్ బటన్ నొక్కితే మొదటికే మోసం రావొచ్చు. చాలా డ్రోన్లు ఆ బటన్ నొక్కగానే ముందు సెట్ చేసిన ఎత్తుకు ఎక్కి ఆ తర్వాతే ఇంటిదారి పడతాయి. ఆ ఎత్తు 100 మీటర్లయి, మేఘం 80 దగ్గర ఉంటే డ్రోన్‌ను ఐసులోకి మనమే పంపినట్టవుతుంది. అందుకే ఆ ఎత్తును చుట్టుపక్కల అడ్డంకులకు పైన, మేఘానికి బాగా కింద ఉండేట్టు ప్రతి చోటా కొత్తగా పెట్టుకోవాలి. రెండింటికీ మధ్య చోటు లేదంటే ఆ రోజు ఎగరేయకపోవడమే.

దించిన తర్వాత రెక్కల ముందు అంచును వేలితో తడిమి చూస్తే కథంతా తెలుస్తుంది. గరుకుగా, ఉప్పు రేణువుల్లా తగిలితే ఐసు మొదలైనట్టే. గీకి మళ్లీ ఎగరేయకూడదు, గాలి మారలేదు కాబట్టి మళ్లీ పడుతుంది. అదే సమయంలో రెక్కల మొదళ్లలో సన్నటి చీలికలు ఉన్నాయేమో కూడా చూసుకోవాలి. ప్లాస్టిక్ చలికి పెళుసవుతుంది, ఎండాకాలంలో వంగి ఊరుకునే దెబ్బకు చలిలో పగులుతుంది.

తెల్లటి నేల మీద గుడ్డి కళ్లు

కిందికి చూసే కెమెరాలు నేల మీది గుర్తులను పోల్చుకుంటూ డ్రోన్‌ను ఉన్నచోట నిలబెడతాయి. ఒకే తెలుపుతో మెరిసే మంచు మీద వాటికి పట్టుకోవడానికి ఏ గుర్తూ దొరకదు. శాటిలైట్ సిగ్నల్ బాగుంటే పైన తేడా తెలియదు, నేల దగ్గరికొచ్చేటప్పుడు మాత్రం డ్రోన్ పక్కకు జారొచ్చు. శబ్దంతో ఎత్తు కొలిచే పాత సెన్సర్లు కొత్తగా పడిన మెత్తటి మంచు మీద తడబడతాయి, మంచు శబ్దాన్ని పీల్చేసుకుంటుంది కాబట్టి. దిగేటప్పుడు రెక్కల గాలికి లేచిన మంచు పొడిని అడ్డంకి అనుకుని డ్రోన్ దిగనని మొరాయించడమూ ఉంది. ముదురు రంగు ల్యాండింగ్ ప్యాడ్ ఒకటి పరిచి, దాని చుట్టూ మంచును కాళ్లతో తొక్కి గట్టిపరిస్తే వీటిలో సగం సమస్యలు తీరతాయి. చేత్తో పట్టుకుని దింపడం కొందరు గొప్పగా చూపిస్తారు గానీ, మందపాటి గ్లవ్స్ వేసుకున్న, చలికి మొద్దుబారిన చేతులతో అది వేళ్లకు గండం.

గడ్డకట్టిన చెరువు మీద డ్రోన్ పడితే దాని కోసం ఐసు మీదికి నడిచి వెళ్లకూడదు. ఐసు మందం పైనుంచి చూస్తే తెలియదు. డ్రోన్ పోతే పోనీ.

తెల్లటి ప్లాస్టిక్ డ్రోన్ మంచు కొండల ముందు కళ్లెదుటే మాయమవుతుంది, నారింజ రంగు స్టిక్కర్లు అంటిస్తే కొంత నయం. చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే మంచు మీది మెరుపు తగ్గుతుంది గానీ, పోలరైజ్డ్ అద్దాలైతే ఫోన్ తెర ఒక కోణంలో నల్లగా కనబడుతుంది. ఇది ఇంట్లోనే సరిచూసుకోవచ్చు.

కెమెరా ఆటో ఎక్స్‌పోజర్‌కు కూడా మంచు అంటే గందరగోళమే. ఏ దృశ్యాన్నైనా నడిమి బూడిదరంగుకు తేవాలని చూస్తుంది కాబట్టి తెల్లటి మంచు మురికి బూడిద రంగులో వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను ప్లస్ 0.7 నుంచి 1.3 దాకా పెంచి, తెర మీద వెలుగునీడలను చూపే గ్రాఫు, అంటే హిస్టోగ్రామ్, కుడి అంచుకు తగలకుండా చూసుకుంటే సరిపోతుంది. నీడలో ఉన్న మంచు నీలంగా కనబడటం తప్పేమీ కాదు, అక్కడ పడేది ఆకాశపు కాంతే. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలితే షాట్ మధ్యలో రంగు మారుతుంది, ఒక విలువ దగ్గర కట్టేయడం మేలు. లెన్స్‌లోకి వెళ్లే కాంతిని తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్‌ను ఇంట్లోనే బిగించుకుని రావాలి. కెమెరాను కుదుపుల్లేకుండా పట్టి ఉంచే గింబల్ చలికి బిగుసుకుని ఉన్నప్పుడు గ్లవ్స్‌తో దాన్ని తిప్పడం మంచి ఆలోచన కాదు. లెన్స్ మీద దుమ్ము కనబడితే నోటితో ఊదకూడదు, ఆ ఆవిరి అక్కడికక్కడే గడ్డకట్టి పొరగా మిగులుతుంది.

ఆన్ చేసిన వెంటనే ఐఎంయూ వేడెక్కుతోందన్న సందేశం వస్తే డ్రోన్‌ను సమతలంగా పెట్టి ఆగాలి. డ్రోన్ ఎటు వంగిందో చెప్పే ఈ సెన్సర్ రీడింగులు ఉష్ణోగ్రతతో మారతాయి, తొందరపెడితే హారిజాన్ వంకరగా వస్తుంది, ఒక్కోసారి డ్రోనే ఒక పక్కకు లాగుతుంది.

చేతులు, ఫోన్, తిరుగు ప్రయాణం

డ్రోన్ బ్యాటరీ గురించి ఇంత జాగ్రత్తపడినవాళ్లు కూడా చేతిలోని ఫోన్‌ను మరచిపోతారు. అందులోనూ ఉన్నది అదే లిథియం. ఐఫోన్‌కు ఆపిల్ చెప్పే పరిధి సున్నా నుంచి 35 డిగ్రీలు. చలిలో ఫోన్ ఉన్నట్టుండి ఆరిపోతే వీడియో పోతుంది గానీ, చాలా మోడళ్లలో రిమోట్ స్టిక్కులు పనిచేస్తూనే ఉంటాయి. కంటికి కనబడే దూరంలో ఎగరేస్తుంటే చూసుకుంటూ దింపుకోవచ్చు. కనబడనంత దూరం పంపినవాళ్లకు ఆ అవకాశం లేదు. ఫోన్‌ను ఎగరేసేదాకా జేబులోనే ఉంచడం, తెర ఉన్న రిమోట్ వాడటం, రెండూ పనికొచ్చేవే.

వేళ్లు మొద్దుబారడం పైలట్‌కు ఆలస్యంగా తెలుస్తుంది. స్టిక్కు మీద మిల్లీమీటరు తేడా గాల్లో మీటర్ల తేడా. బొటనవేలి దగ్గర మాత్రం పలుచగా ఉండే గ్లవ్స్ దొరుకుతాయి, రిమోట్‌తో పాటు రెండు చేతులూ దూర్చుకునే సంచులూ ఉన్నాయి. ఏది వాడినా ముందు ఇంట్లో వేసుకుని స్టిక్కులు తిప్పి చూడాలి.

ఎగరడం అయిపోయింది కదా అని తేలిగ్గా తీసుకునే చోట మిగిలిన నష్టం జరుగుతుంది. 22 డిగ్రీలున్న గదిలో సగం తేమ, అంటే 50 శాతం ఆర్ద్రత ఉంటే, 11 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు చేరుతుంది. మైనస్ 8 నుంచి వచ్చిన డ్రోన్‌కు బయట మాత్రమే కాదు, లోపలి సర్క్యూట్ బోర్డు మీద, లెన్స్ గాజు వెనక కూడా ఆ తడి పడుతుంది. పైన తుడవొచ్చు, లోపల తుడవలేం. గుమ్మం దాటకముందే, బయటి పొడి గాలిలోనే డ్రోన్‌ను జిప్ సంచిలోనో మూత గట్టిగా పడే పెట్టెలోనో పెట్టేయాలి. నీరు చేరేది సంచి పైన, డ్రోన్ మీద కాదు. గది వేడికి వచ్చేదాకా, అంటే కనీసం ఒకటి రెండు గంటలు, సంచి తెరవకూడదు. మెమరీ కార్డు తీసి షాట్లు చూసుకోవాలన్న ఆత్రం ఉంటే ఆ కార్డును బయటే తీసుకుని జేబులో వేసుకోవాలి.

బ్యాటరీలను కూడా వచ్చీ రాగానే ఛార్జికి పెట్టకూడదు. సున్నాకు కింద ఉన్న సెల్‌లోకి కరెంటు తోస్తే లిథియం గ్రాఫైట్ లోపలికి వెళ్లలేక దాని మీద లోహపు పొరగా పేరుకుంటుంది. అలా పేరుకున్నదాంట్లో చాలా భాగం మళ్లీ పనికిరాదు, బ్యాటరీ సామర్థ్యం ఆ మేరకు శాశ్వతంగా తగ్గుతుంది. ఆ లోహం లోపల షార్టుకు కూడా దారి తీయొచ్చు. చాలా కంపెనీలు ఛార్జింగ్‌కు 5 డిగ్రీల కింది హద్దు పెట్టడం, కొన్ని బ్యాటరీలు చల్లగా ఉంటే ఛార్జి తీసుకోకపోవడం ఇందుకే. తాకి చూస్తే పై తొడుగు గది వేడికి వచ్చినట్టు అనిపించినా లోపలి సెల్‌కు ఇంకాస్త సమయం పడుతుంది. డ్రోన్ సంచిలో వెచ్చబడే ఆ రెండు గంటలూ బ్యాటరీలను ఛార్జరుకు దూరంగానే ఉంచి, డ్రోన్ సంచి తెరిచాక ఛార్జికి పెడితే చాలు.